బిందె మీద పేరు

“తాడు తెగలేదు. నువ్వే ఇప్పినావు.”

బుల్లమ్మ ఆ మాట అనడం అది మూడోసారి. పడవలోంచి తెచ్చిన కొబ్బరితాడును గుమ్మం దగ్గర వెలుతురుకు పట్టి, కొస తిప్పి తిప్పి చూసింది. తెగిన తాడైతే కొస పీచులు రేగి ఉంటుంది. ఇది శుభ్రంగా ఉంది. బిందె మెడకు ముడి వేసిన చోట పడిన మెలిక కూడా అలాగే ఉంది.

మల్లేశు గోడకు చేరబడి కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు. రెండు రోజులు సముద్రం మీద ఉండి వచ్చిన మనిషి. కనుబొమల్లో ఉప్పు తెల్లగా పేరుకుని ఉంది.

“కెరటమొచ్చింది, పడిపోనాదన్నాను గదే. ఒక బిందె కోసం ఎంతసేపే?”

“ఇత్తడి బిందె ఎవుడైనా ఏటకి అట్టుకెల్తాడా?”

“కుండ పగిలిపోనాది. నీళ్ళు దోసిట్లో అట్టుకెల్లమంటావా?”

పెరట్లో ఎండుచేపలు తిరగేస్తున్న అత్త గురువమ్మ తలెత్తకుండానే అంది. “పోనీవే. మడిసి తిరిగొచ్చినాడు, అదే సాలు.”

“మడిసొచ్చినాడు అత్తా. రేపు కులాయి కాడ మడిసిని ఎట్టి నీళ్ళు అట్టుకోమంటావా?”

పక్కింట్లో ఎవరో కిసుక్కున నవ్వారు. దీవి ఒడ్డున చేపలవాళ్ళుండే జంగ్లీఘాట్ ఇళ్ళవి చెక్కగోడలు, రేకు కప్పులు; ఒక ఇంట్లో దగ్గితే మూడో ఇంట్లో తెలుస్తుంది. అది తెలిసే బుల్లమ్మ గొంతు పెంచింది. ఆ బిందె తెచ్చి ఇచ్చేదాకా ఈ ఇంట్లో నీకు మంచినీళ్ళు లేవు, ఉప్పునీళ్ళే తాగమంది. దారిన పోతున్న వీధి కుర్రాడు జోగులు ఆగి, “క్యా భాభీ, పోనాది బిందేనా, భయ్యానా?” అని కేకేసి వెళ్ళిపోయాడు.

వానలు ఆగి రెండు నెలలయింది. వీధి కుళాయి పొద్దున్న గంటసేపే వచ్చేది. నిజానికి బుల్లమ్మ బాధ నీళ్ళ గురించే కాదు. అది పెళ్ళినాడు ఇదే వీధిలో ఉండే యర్రమ్మ చేతుల్లో పెట్టిన బిందె. ఓడ ఎక్కి రావడానికి పుట్టింటివాళ్ళకు వీలుపడకపోతే, తల్లి స్థానంలో కూర్చుని యర్రమ్మ ఇచ్చింది. కానుక ఇచ్చినవాళ్ళ పేరు బిందె మెడ కింద చుక్కల అక్షరాలతో కొట్టించి ఇవ్వడం ఆనవాయితీ. బుల్లమ్మకు చదువు రాదు. కానీ రోజూ చింతపండు పెట్టి తోమేటప్పుడు ఆ మూడు అక్షరాలూ వేళ్ళకు తగిలేవి.

*

మర్నాడు మధ్యాహ్నం గస్తీ లాంచీ ఒక పరదేశపు పడవను తాడు కట్టి లాక్కొచ్చింది. ముక్కు పైకి లేచిన ఆకుపచ్చ పడవ. వీధి వీధంతా గట్టుకు పరుగెత్తింది. బర్మావాళ్ళని ఒకరు, సయాంవాళ్ళని ఒకరు అన్నారు. “సీనావోళ్ళే” అని ఎవరో అనేసరికి తల్లులు పిల్లల్ని వెనక్కి లాక్కున్నారు.

ఎలక్షన్ జీపు అప్పటికే అక్కడికి చేరింది. ఇన్నాళ్ళూ ఈ దీవుల పార్లమెంటు మెంబరును ఢిల్లీలోనే నియమించేవారు. ఓటు వేసి పంపడం ఇదే మొదటిసారి. ఆదివారం పోలింగు. “దేశానికి ఆపద గుమ్మంలోకి వచ్చింది. దేశాన్ని కాపాడే గుర్తు గొడుగు గుర్తు,” అని మైకు హిందీలో ఒకసారి, తెలుగులో ఒకసారి అరుస్తోంది.

చేపల గంప నెత్తిన పెట్టుకుని బుల్లమ్మ జనం సందులోంచి చూసింది. లాంచీ మీద ఐదుగురు మనుషులు గొంతుక్కూర్చుని ఉన్నారు. మణికట్లకు తాళ్ళు. వాళ్ళ పక్కన ఒక జవాను ఇత్తడి బిందెను ఒంటికి దూరంగా, పేలుతుందేమో అన్నట్టు పట్టుకుని నిలబడ్డాడు. బిందె పొట్ట మీద ఒక సొట్ట ఉంది. కిందటేడు తన కూతురు మెట్టు మీద పడేసినప్పటి సొట్ట.

ఆమె చేపలు అమ్మకుండానే ఇంటికి వచ్చేసింది. మల్లేశు గట్టుకు వెళ్ళలేదు. పెరట్లో కూర్చుని, చీలిన తెడ్డుకు తాడు చుడుతున్నాడు. చుట్టింది విప్పుతున్నాడు, మళ్ళీ చుడుతున్నాడు.

“బిందె ఆల్లకాడ ఉన్నాది,” అంది బుల్లమ్మ.

అతను తెడ్డు కింద పెట్టాడు.

“పొద్దు పొడిసే ఏల. ఆల్ల ఇంజను ఆగిపోనాది. ఒకడు ఖాళీ డబ్బా తలకిందులు సేసి సూపించినాడు. నోట మాట రాలేదు, పెదాలు పగిలిపోయున్నాయి. సముద్రంలో నీళ్ళడిగితే ఎవుడైనా లేదంటాడేటే? మా అయ్య అన్లేదు. కెరటం మీద ఒంపడానికి అవ్వలేదు. బిందెతోనే అందించినాను. ఈలోగా గాలి ఇడదీసీసింది.”

“నిన్ననే సెప్పొచ్చు గదా.”

“సెప్తామనే వచ్చినాను. ఈలోగా నువ్వు తాడట్టుకున్నావు.”

గట్టు మీద బోర్డు పెట్టి ఏడాదయింది. పరదేశపు పడవ కనిపిస్తే దగ్గరికి పోకూడదు, వెంటనే పోలీసు చౌకీలో చెప్పాలి. తప్పితే వేటకిచ్చే ఫొటో పాసు లాక్కుంటారు. పాసు లేనివాడు పడవ నీళ్ళలోకి నెట్టకూడదు. ఆపైన జైలు. ఇవన్నీ బోర్డు చదవలేనివాళ్ళకు కూడా కంఠతా వచ్చు.

బుల్లమ్మ కొబ్బరితాడు తీసి పొయ్యిలో పెట్టింది. తడితాడు అంటుకోకుండా చాలాసేపు పొగ చిమ్మింది.

*

బుధవారం పొద్దున్న గట్టు మీద చేపలు వేరుచేస్తుండగా ఇద్దరు కానిస్టేబుళ్ళు వచ్చారు. ఒకడి చంకలో బిందె ఉంది.

“అప్పలరాముడు కౌన్ హై?”

వల ముందు కూర్చున్న ముసలాయన వెదురు సూది పట్టుకున్న చెయ్యి పైకెత్తాడు. అప్పలరాముడు యర్రమ్మ మొగుడు. వారం కిందట వలల కొట్టంలో మీటింగు పెడితే, గొడుగు గుర్తుకు వీధంతా ఒక్కమాటగా వెయ్యాలని వీధి పెద్ద గవరయ్య చెప్పాడు. అప్పలరాముడు లేచి, “గట్టుకి కంచె ఏత్తారంటున్నారు. కంచె ఏస్తే పడవలెక్కడ లాగాల? దానికి జవాబు సెప్పినోడికే ఓటు. అంతవరకూ ఎవుడి ఓటు ఆడిది,” అని కూర్చున్నాడు. ఆ మాట తర్వాత వీధి రెండుగా చీలింది.

కానిస్టేబులు బిందెను అతని మొహం ముందు పెట్టాడు. “యే బర్తన్ తేరా హై నా? ఇస్ పర్ తేరీ ఔరత్ కా నామ్ హై. తెలుగు బాబూ నే పఢా.” బిందె మీద ఉన్నది అతని పెళ్ళాం పేరేనని తెలుగు గుమాస్తా చదివి చెప్పాడట.

బుల్లమ్మ పక్కనే యర్రమ్మ చేపలు కుప్పలు పెడుతోంది. బిందెను చూసింది. నోరు తెరవబోయింది. అప్పలరాముడు ఆమెకేసి ఒక్కసారి చూశాడు. ఆమె నోరు మూసుకుని, చేతిలో ఉన్న చేపను ఏ కుప్పలో వెయ్యాలో మరిచిపోయినట్టు అలాగే పట్టుకుంది.

మల్లేశు మొలలోతు నీళ్ళలో పడవ అంచు పట్టుకుని ఉన్నాడు. అప్పలరాముడి చూపు అతని మీద నుంచి కూడా సాగిపోయింది.

“పేరు ఉంది గదా సాబ్. చలో,” అన్నాడు. మొదలుపెట్టిన ముడి బిగించి, సూదిని వలలో గుచ్చి, లేచాడు.

మల్లేశు నీళ్ళలోంచి గట్టుకు రెండు అడుగులు వేశాడు. బుల్లమ్మ గబగబా నీళ్ళలోకి దిగి అతని మణికట్టు పట్టుకుంది. చీర కుచ్చిళ్ళు తడిసిపోయాయి.

“కదలకు,” అంది పళ్ళ సందులోంచి. “మన పిల్లగుంట మీద ఒట్టు.”

ఆ రోజు ఆమె చేపలన్నీ అమ్ముడుపోయాయి. ఎవరెంతకు అడిగితే అంతకు ఇచ్చేసింది.

*

గురువారం కుళాయి దగ్గర బుల్లమ్మ కిరసనాయిలు డబ్బాతో నిలబడింది. ఎన్నిసార్లు బూడిద పెట్టి తోమినా వాసన పోలేదు. వెనకాలే యర్రమ్మ. ఈ వీధిలో యర్రమ్మ మౌనంగా ఉండగా ఎవరూ చూడలేదు. కుళాయి దగ్గర తగవులు తీర్చేది ఆవిడే. ఆ వేళ ఒక్కరూ ఆమెతో మాట్లాడలేదు. బుల్లమ్మ డబ్బా నిండి పొర్లిపోతుంటే మాత్రం ఆమె వంగి కుళాయి కట్టి, “నిండిపోనాది, తియ్,” అంది. అంతే.

వీధిలో ఇప్పుడు రోజుకు రెండుసార్లు జవాన్లు తిరుగుతున్నారు. పాసులు చూస్తున్నారు. సాయంత్రం ఐదు దాటాక పడవలు కదలకూడదన్నారు. అప్పలరాముడి వల గట్టు మీద పడేసినట్టే ఉంది. సూది ఇంకా అందులోనే ఉంది. ఎవరూ ముట్టుకోలేదు. గొడుగు గుర్తు జీపు దాని పక్కనే ఆగి, “మన మధ్యే ఉంటూ శత్రువుకు అన్నం నీళ్ళూ మోసేవాళ్ళున్నారు” అని చెప్పింది. మీటింగులో అప్పలరాముడి పక్కన కూర్చున్నవాళ్ళు ఇళ్ళల్లోంచి బయటకు రాలేదు.

ఎండెక్కాక బుల్లమ్మ గంపతో ఆఫీసు క్వార్టర్స్‌కు వెళ్ళింది. తెలుగు చర్చి పెద్ద, ఆఫీసు గుమాస్తా దేవప్రసాద్‌గారి ఇల్లు అక్కడే. బిందె మీద పేరు చదివింది ఆయనే. ఆయన భార్య దయావతి వారానికి రెండుసార్లు బుల్లమ్మ దగ్గర చేపలు తీసుకునేది. ఆ ఇల్లు దాటి పోదామనుకుంది బుల్లమ్మ. దయావతి గుమ్మంలోనే ఉండి పిలిచింది.

“కోనం ఉందా? ముక్కలు చేసి ఇయ్యి.”

బుల్లమ్మ కత్తిపీట ముందు కూర్చుంది. దయావతి పళ్ళెం పట్టుకుని ఎదురుగా నిలబడింది.

“ఆయనకి నిన్నటినుంచి అన్నం సహించడం లేదు బుల్లమ్మా. చదవమన్నారు, చదివారు. ఎవరింట్లోదని అడగలేదు. మా ఇంట్లో గంగాళం మీద మా మేనత్త పేరుంటుంది, ఆ మాటే చెప్పబోయారట. ‘రాసింది చదవండి, కథలొద్దు’ అన్నారట పోలీసులు.”

బుల్లమ్మ చేపను తిప్పింది.

“ఆ బిందె వాడుకున్నవాళ్ళెవరో ముందుకొచ్చి చెబితే, తానూ పక్కన నిలబడి చెబుతానంటున్నారు. ఉద్యోగానికేమైనా వచ్చినా సరేనట.” దయావతి పళ్ళెం ఈ చేతిలోంచి ఆ చేతికి మార్చుకుంది. “నీకేమైనా తెలుసా?”

“నాకేటి తెల్సమ్మగారూ. మావి సత్తు బిందెలు.”

దయావతి పళ్ళెంలో ముక్కలకేసి చూసింది. ఒకటి వేలెడు, ఒకటి అరచెయ్యంత. “ఎప్పుడూ సమంగా కోస్తావు,” అని డబ్బు తెచ్చి ఇచ్చింది.

*

శుక్రవారం పొద్దున్న గవరయ్య స్వయంగా వచ్చాడు. నాలుగు పడవలున్న మనిషి. తెల్ల పంచె, చేతిలో గుర్తు కోసం పట్టుకు తిరుగుతున్న నల్ల గొడుగు. గురువమ్మ పీట వేసింది. మంచినీళ్ళు అడిగాడు.

బుల్లమ్మ గ్లాసుతో తెచ్చి ఇచ్చింది. అతను నోటి దాకా ఎత్తి, ఆగి, వాసన చూసి, నవ్వాడు.

“అవును గదా. మీ బిందె పోనాదట.”

బుల్లమ్మ కూతురు వచ్చి గొడుగు పిడి పట్టుకుని లాగింది. అతను దాని బుగ్గ గిల్లాడు.

“మల్లేశూ, నాలుగింటికి సౌకీకి రా. కాయితం రాసే ఉంది. అప్పలరాముడి పడవ ఆ పరదేశపోళ్ళ పక్కన ఉండగా సూసినానని ఏలుముద్ర ఎయ్యి. బస్, ఐదు మినిట్లు పని.”

“నాను సూడలేదు గదా గవరయ్య భయ్యా.”

“నువ్వేటి సూసినావో నాకు తెల్దేటి? వీదంతా ఇన్నాది మీ ఆడది అరిసిన అరుపు. సౌకీ దాకా ఎల్లకుండా నాను సెయ్యడ్డెట్టినాను. ఎన్నాల్లని ఎట్టగల్ను?” గ్లాసు నిండుగానే కింద పెట్టాడు. “బిందె మీద నీ పేరు లేదు. అది నీ అదురుష్టం. ఎవుడైనా అదురుష్టాన్ని కాదనుకుంటాడా? ఆదివారం అయిపోనాక ముసిలోడినీ ఇడిపించుకుందాం. ముందు ఓట్లు పడనీ.”

అతను వెళ్ళాక గురువమ్మ గ్లాసులో నీళ్ళు తులసి మొదట్లో పోసింది. “ఏసీరా బాబూ,” అంది కొడుకుతో. “పాసు పోతే గుంటకేటి ఎడతావు? ఆడు పెద్దోడు, ఎల్లకాలం ఉంచరు.”

మల్లేశు తన బొటనవేలికేసి చూసుకున్నాడు. వల తాడు కోసిన పాత గీత ఒకటి ముద్ర మధ్యలోంచి అడ్డంగా పోతుంది. పాసు మీద కూడా ఆ గీత అలాగే పడింది. అది ఎవరి వేలో ఎవరైనా పోల్చుకోగలరు.

“నువ్వేటంటావు?” అని భార్యనడిగాడు.

ఆమె కొంగు సర్దుకుని బయటకు నడిచింది.

యర్రమ్మ కాళ్ళు పట్టుకోవాలని ఆమె బయల్దేరింది. ఆదివారం దాకా, ఇంకో రెండు రోజులు, ఇలాగే నోరు మెదపకుండా ఉండమని. దారి పొడుగునా ఆ మాటే కూర్చుకుంది. లోపలికి వెళ్ళేసరికి యర్రమ్మ మొగుడికి పట్టుకెళ్ళడానికి అన్నం గిన్నెకు గుడ్డ కడుతోంది. పైన ఎండు నెత్తళ్ళు రెండు పెట్టింది. గుడ్డ ముడి మీద వేలు పెట్టమన్నట్టు చూస్తే బుల్లమ్మ వేలు పెట్టింది. యర్రమ్మ ముడి బిగించింది.

కూర్చుకున్న మాటలన్నీ పోయి బుల్లమ్మ నోట వేరే మాట వచ్చింది. “ఎందుకు సెప్పలేదప్పా? ఎవురికిచ్చినావో నీకు తెల్దేటి?”

“నా సేతుల్తో ఇచ్చినాను, తెల్దా?” యర్రమ్మ మామూలుగానే అంది. “సెప్పబోతే ఆయన సూసినాడు గదా. ఆ రాత్రి... కాదు, నిన్న పొద్దున్న అన్నం అట్టుకెల్తే ఊసల్లోంచి అన్నాడు. సముద్రంలో నీళ్ళడిగితే నానైనా ఇత్తును, ఆ గుంటడు తప్పు సెయ్యలేదు. ఎవుడో ఒకడు లోపలుంటే సాలు, ఇద్దరెందుకు, ఆడికి సిన్నపిల్లుంది అన్నాడు.”

“కొట్టినారా?”

“ఆ ఊసొద్దు. ఆయన పడవ ఆల్ల పక్కన ఉండగా సూసినోడు ఎవుడూ లేడు గదా. అందుకని సోమారం వదిలేత్తారేమో అని ఆయన ఆశ.”

చూసినవాణ్ణి నాలుగింటికి తయారు చేస్తున్నారని ఆమెకు తెలియదు. బుల్లమ్మ చెప్పలేదు.

వెళ్ళబోతుంటే యర్రమ్మ వెనక్కి పిలిచి, నీళ్ళతో నిండి ఉన్న తన బిందె తెచ్చింది. “నాకొక్కదానికి అంత నీళ్ళెందుకు? ఆ డబ్బా నీళ్ళు గుంట సేత తాగించకే, కడుపులో నొప్పొత్తాది.” నడుము మీదికి తానే ఎత్తి పెట్టింది.

బిందె ఎత్తుకుని బుల్లమ్మ వీధి మధ్యలోంచి నడిచింది. గుమ్మాల్లో ఆడవాళ్ళు చూశారు. జోగులు నోరు తెరిచి, మళ్ళీ మూసుకున్నాడు. మలుపు దగ్గర అప్పలరాముడి వల పక్కన ఆమె ఒక్క నిమిషం ఆగింది. సూదికి అప్పుడే తెల్లగా ఉప్పు పట్టింది. కొంగుతో తుడిచి, మళ్ళీ అదే కన్నులో గుచ్చింది.

*

మధ్యాహ్నం అన్నం వడ్డించింది. చేపల పులుసు, నిన్నటి వంకాయ కూర. మల్లేశు చేతులు కడుక్కుని కూర్చున్నాడు కానీ కంచంలో చెయ్యి పెట్టలేదు. గురువమ్మ మనవరాలికి ముళ్ళు తీసి ముద్దలు పెడుతోంది. దూరంగా జీపు మైకు వినిపిస్తోంది.

బుల్లమ్మ చెంబు ముంచి అతని గ్లాసులో నీళ్ళు పోసింది. సోమవారం తర్వాత తన చేత్తో అతనికి నీళ్ళు పొయ్యడం అదే మొదలు. అతను తాగబోయి మూలన ఉన్న బిందెను చూశాడు.

“ఎవురిదది?”

“యర్రమ్మప్పది. ఇచ్చింది.”

గ్లాసు అతని చేతిలోనే ఉండిపోయింది. గురువమ్మ ముద్ద కలపడం ఆపింది.

“ఆవిడికి తెలుసు,” అంది బుల్లమ్మ. “బుదారం నుంచీ తెలుసు. ఆయనకీ తెలుసు. తెలిసే లెగిసి ఎల్లినాడు.”

మల్లేశు గ్లాసు కింద పెట్టాడు. తల వంచుకుని కంచం అంచు మీద వేలితో రాస్తూ కూర్చున్నాడు. బుల్లమ్మ పులుసు గిన్నె దించి, గరిటె అందులో పెట్టి, మూత వేసింది. చేతులు తుడుచుకుంది. చెప్పేటప్పుడు ఆమె గొంతు పక్కింటికి వినపడనంత తగ్గలేదు, పెరగనూ లేదు.

“నాలుగింటికి సౌకీకి ఎల్దాం. ఇద్దరం. బిందె నాది, నా పెళ్ళికి ఇచ్చినారు, సొట్ట నా కూతురు ఎట్టింది అని నాను సెప్తాను. నీళ్ళు నువ్వు పోసినావని నువ్వు సెప్పు. దారిలో దేవప్రసాద్ బాబుగారిని పిలుద్దాం, పేరు బిందె ఇచ్చినోల్లదని ఆయన సెప్తాడు. గవరయ్య కాయితం మీద నీ ఏలు పడదు.”

మల్లేశు తలెత్తి ఆమెను చూశాడు. తర్వాత తల్లికేసి చూశాడు.

మైకు వీధి చివరిదాకా వచ్చి, తిరిగి, దూరమైంది. గురువమ్మ మనవరాలి కంచంలోంచి ముళ్ళు తీసిన పెద్ద ముక్కను తీసి కొడుకు కంచంలో పెట్టింది. గిన్నె మూత తీసి ఇంకో గరిటె పులుసు పోసింది.

“అయితే రెండు ముద్దలు ఎక్కువ తిను,” అంది. “సౌకీలో ఆల్లు అన్నం ఎప్పుడు ఎడతారో ఏటో.”